సత్యవతిగారి కుడివైపు బొమ్మలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళ పక్కన కూర్చోవడం కూడా నాకు విసుగు. ఏలూరులో ఒక స్కాన్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మనిషి లోపల ఏముందో రోజూ చూస్తుంటాను. ఎముక, కండ, కొవ్వు తప్ప అక్కడ మరేదీ ఉండదనే అనుకునేదాన్ని.

మా దగ్గర త్రీడీ మామోగ్రామ్ మిషన్ ఉంది. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి పెడితే, పైనున్న ట్యూబు విల్లులా జరుగుతూ తక్కువ మోతాదు ఎక్స్‌రేతో బొమ్మలు తీస్తుంది. కంప్యూటరు వాటిని పొరలు పొరలుగా విడదీసి చూపిస్తుంది.

ఒక వేసవిలో కైకలూరు వైపు నుంచి అక్కచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. పరీక్ష అక్క సత్యవతిగారికి. చెల్లెలు నాగమణి తోడు వచ్చింది, బయట బల్ల మీద కూర్చుంది. ఆ రోజు మొదటి పరీక్ష వాళ్ళదే.

"ఇదివరకు ఆపరేషనేమైనా అయ్యిందాండీ?" అని అడిగాను.

"కుడివైపు అయ్యిందండీ. చాలా ఏళ్ళయ్యింది."

చిన్న గడ్డేదో తీసి ఉంటారనుకున్నాను. ఎందుకంటే నా ఎదురుగా రెండు రొమ్ములూ ఉన్నాయి. కుడిదాన్ని నా చేతులతోనే పలక మీద సర్ది, ఊపిరి బిగపట్టమన్నాను. ఒళ్ళు వెచ్చగా, మామూలుగానే ఉంది.

కాసేపటికి డాక్టరుగారు పిలిచారు. కుడివైపు బొమ్మల్లో, లోపలి పొరల్లో, అంచులు ముళ్ళుముళ్ళుగా ఉన్న గడ్డ. పక్కనే ఇసుక చల్లినట్టు సున్నపు చుక్కలు, క్యాన్సర్‌లో కనిపించే తీరు. అల్ట్రాసౌండ్ కూడా చేద్దామని సత్యవతిగారిని పడుకోబెట్టి గౌను తొలగించాం.

కుడివైపు రొమ్ము లేదు. పక్కటెముకల మీద అతుక్కుపోయిన చర్మం, అడ్డంగా పాత కుట్ల మచ్చ.

"అటేపు ఏం చూస్తారండీ, అక్కడేముందని?" అన్నారావిడ తెల్లబోయి. "ఇందాక మీరు ఎడమవైపే గదా తీశారు."

డాక్టరుగారు నా వంక చూశారు. చెల్లెల్ని గాని లోపలికి పిలిచావా అని అడిగారు. నాగమణి బల్ల మీద నుంచి లేవనే లేదని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. తర్వాత ఇంజనీరు వచ్చి మిషన్ చూశాడు. వేరేవాళ్ళ బొమ్మలు కలవలేదని తేల్చాడు.

అనుమానం తీరడానికైనా నాగమణిని పరీక్ష చేయించుకోమన్నాం. నేనైతే బతిమాలాను.

"నాకేమీ లేదండీ. రేపు మా చెరువులో రొయ్యలు పడుతున్నారు. నేను లేకపోతే అవ్వదు," అని నవ్వేసి, అక్క చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వానాకాలం చివర్లో నాగమణి మళ్ళీ వచ్చింది, ఈసారి తన కోసమే. కుడివైపు గడ్డ చేతికి తగులుతోందట. పేరు రెండుసార్లు అడిగి రాసుకుని, బొమ్మలు తీశాను.

డాక్టరుగారు ఆ బొమ్మల్నీ, వేసవిలో తీసిన వాటినీ పక్కపక్కన పెట్టారు. అదే గడ్డ. అవే ముళ్ళు. సున్నపు చుక్కలు కూడా ఒక్కటి అటూ ఇటూ కాలేదు. కొలిస్తే కొలతా అదే.

"ఇది పెరిగే జబ్బు," అన్నారు డాక్టరుగారు. "పొరపాటున ఈవిడనే తీశావనుకున్నా, అప్పటికి ఇది ఇంకా చిన్నదిగా ఉండాలి కదా."

ఆవిడ కంప్యూటరు కట్టేశారు.

అప్పటికే జబ్బు ఎముకలకి పాకింది. నాగమణి ఆ చలికాలం దాటలేదు.

మళ్ళీ ఏడాది సత్యవతిగారు ఒక్కరే వచ్చారు. మిషన్ ముందు నిలబడి, దాన్ని ముట్టుకోకుండా, మెల్లగా అడిగారు.

"నేనా రోజు ఫొటో తీయించుకోకుండా ఉంటే, మా చెల్లికి ఈ జబ్బు రాకుండా ఉండేదాండీ?"

"అయ్యో, లేదండీ. దానికీ దీనికీ సంబంధమే లేదు," అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని తలూపారు. ఆ మాట అంత గట్టిగా ఎలా అనగలిగానో నాకిప్పటికీ తెలియదు. అసలు జరిగిందేమిటో తెలిస్తే కదా, సంబంధం లేదని చెప్పడానికి.