వెలిగారం వేయని జాడీలు

ఢిల్లీ నీళ్లకు కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అప్పుడప్పుడు అందులో వెనిగర్ పోస్తుంటాను. ఇవాళ పొద్దున పోసినప్పుడు ఆ పెచ్చు బుసబుసమంటూ పొంగింది. ఘాటైన పులుపు వాసన వంటిల్లంతా పట్టింది. మా అమ్మాయి తొంగిచూసి, "పాపా, క్యా జల్ రహా హై?" అంది. ఏమీ మాడటం లేదమ్మా, సున్నం కరుగుతోంది అన్నాను. ఆ చప్పుడు వింటే నాకు విశాలాక్షి మేడమ్ గుర్తొస్తారు. నిజానికి ఆవిడ కన్నా ముందు, నేను ఆవిడకు చేసింది గుర్తొస్తుంది.

మేడమ్‌ది భీమిలి. ఢిల్లీలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవారు. నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఆవిడ దగ్గర రీసెర్చికి చేరాను.

"సముద్రం ఎప్పుడైనా చూశావా, ఓబులేసూ?" అని మొదటిరోజే అడిగారు.

"లేదు మేడమ్."

"బాగుంది సంబడం! సముద్రం చూడనోడు సముద్రం మీద పరిశోధన. రా, కూర్చో. చూపిస్తాను."

మైక్రోస్కోపు కింద రెండు గుల్లలు పెట్టారు. రెండూ ఇసుక రేణువు కన్నా చిన్నవి. ఒకటి బుడగలు ఒకదానికొకటి అతుక్కున్నట్టుంది, ఒంటినిండా సన్నటి రంధ్రాలు. రెండోది గాజుతో అల్లిన బుట్టలా ఉంది. రెండూ సముద్రంలో తేలుతూ బతికే, కంటికి ఆనని జీవులు కట్టుకున్న ఇళ్లే. ఆవిడ ఒక్కో దాని మీద ఒక్కో చుక్క ఆమ్లం వదిలారు. బుడగల గుల్ల నురగలు కక్కి, చూస్తుండగానే మాయమైంది. గాజుబుట్ట చెక్కు చెదరలేదు.

"ఇద్దరూ ఉన్నది ఒకే నీళ్లలో. వాడు అందులోంచి సున్నం ఏరుకున్నాడు, వీడు గాజు ఏరుకున్నాడు. గాజోడికి బెంగ లేదు. సున్నపోడికి మాత్రం పులుపు తగలకూడదు. గుర్తుపెట్టుకో."

బంగాళాఖాతంలో ఓడ మీది నుంచి వలవేసి పట్టిన ఆ జీవులు జాడీల్లో మాకు చేరేవి. పాత ద్రవం తీసేసి, అవి కుళ్లకుండా కొత్త ఫార్మలిన్ పోయడం నా పని. నిలవ ఉన్న ఫార్మలిన్ తనంతట తానే పుల్లబడుతుంది. అందుకని ప్రతి జాడీలోనూ చిటికెడు వెలిగారం వేయాలి, ఆ పులుపు విరగడానికి. పప్పులో ఉప్పు సంగతి అడిగినట్టు మేడమ్ రోజూ అడిగేవారు, "వెలిగారం పడిందా?" అని.

అప్పట్లో నేను ఆవిడకు తెలియకుండా సివిల్స్ కోచింగ్‌కు వెళ్లేవాణ్ణి. ఒక సాయంత్రం క్లాసుకు ఆలస్యమవుతోందని, కొత్తగా వచ్చిన జాడీలన్నిట్లో ఫార్మలిన్ పోసి, మూతలు బిగించి పరుగెత్తాను. మర్నాడు ఆవిడ అడిగితే, "వేశాను మేడమ్" అన్నాను. తర్వాత వేద్దామనుకున్నాను. మర్చిపోయాను.

కొన్ని నెలల తర్వాత జాడీలు తెరిచాం. సున్నపు గుల్లల గోడలు పల్చబడి, రంధ్రాలు పెద్దవై, కొన్ని బ్రష్ తగలగానే పొడి అయిపోయాయి. గాజు గుల్లలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మేడమ్ ముఖం వెలిగిపోయింది. "చూశావటయ్యా! మనం తగలబెట్టే పొగంతా తాగి సముద్రమే పుల్లబడుతోంది. ఇదిగో సాక్ష్యం!" అన్నారు. రిటైరయ్యే ముందు ఆవిడ లోకానికి చెప్పబోయే పెద్ద మాట అది. ఆవిడ బయటికి వెళ్లాక నేను జాడీలో లిట్మస్ కాగితం ముంచాను. నీలం కాగితం ఎర్రబడింది. ఆ గుల్లల్ని తిన్నది సముద్రమో కాదో ఇక ఎవరూ చెప్పలేరు. నా జాడీ తిన్నదన్నది మాత్రం ఖాయం.

ఆవిడ సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా ఫెలోషిప్ పోతుందని భయపడ్డాను.

గ్రేటర్ నోయిడాలో ఒక యూనివర్సిటీ సదస్సులో ఆవిడ ఆ ఫలితం చెప్పాలి. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దారిపొడవునా చెప్పేద్దామని నోరు తెరుస్తూనే ఉన్నాను.

"మేడమ్..."

"ఏంటయ్యా, ముఖం అలా పెట్టావు? మాట్లాడేది నేను కదా, నీకెందుకు చెమటలు?"

కండక్టర్ "పరీ చౌక్ వాలే, ఆగే ఆ జావో!" అని అరిచాడు. మేం దిగేది అక్కడే, ఆవిడ లేచారు. ఆవిడ సంచి అందుకుని నేనూ వెనకే దిగాను.

ఉపన్యాసం అయ్యాక ముందు వరుసలోంచి ఒక పెద్దాయన, "ఫార్మలిన్‌ని బఫర్ చేశారా?" అని ఇంగ్లీషులో అడిగారు. ఆయన అడిగింది వెలిగారం గురించే. మేడమ్ నవ్వి, "మై స్టూడెంట్ విల్ ఆన్సర్" అంటూ నా వైపు చెయ్యి చూపారు. తలలన్నీ తిరిగాయి.

"ఎస్ సర్, చేశాం" అన్నాను.

చప్పట్లు కొట్టారు. బయట టీ బల్ల దగ్గర ఎవరెవరో ఆవిడను అభినందిస్తున్నారు. ఇక నావల్ల కాలేదు. ఆవిణ్ణి పక్కకు పిలిచాను. "వెలిగారం వెయ్యలేదు మేడమ్. ఆ పొద్దు మర్చిపోయినా. మీరడిగితే వేసినానని చెప్పినా. ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పినా."

ఆవిడ నన్ను తిట్టలేదు. కప్పు బల్ల మీద పెట్టి, "ఎన్ని జాడీలు?" అన్నారు.

"అన్నీ మేడమ్."

ఆవిడ హాల్లోకి నడిచారు. నేను వెనకే వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. ఆవిడ మైకు అడిగి తీసుకున్నారు. "ఇందాక నేను చెప్పిన ఫలితం చెల్లదు. మా జాడీలు పుల్లబడ్డాయి. నేను సరిచూసుకోకుండా మీ ముందుకొచ్చాను. క్షమించండి" అన్నారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో నవ్వారు కూడా. ఆవిడ మైకు వదల్లేదు. కాసేపు అలాగే నిలబడి హాలంతా చూశారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తలవంచుకున్నాను.

తిరుగు బస్సులో అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదు మేడమ్?"

"నీ పేరు నేనెందుకు చెప్తాను? నువ్వు లేస్తావేమోనని చూశాను" అని, కిటికీ వైపు తిరిగారు.

మరో ఓడ నుంచి నమూనాలు వచ్చేలోపే ఆవిడ రిటైరయ్యారు. నాకు థీసిస్ పూర్తయ్యేదాకా సాయం చేశారు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో అధికారిని. మీటింగుల్లో ఎక్కడో లెక్క తప్పిందని మాట వస్తుంది, అందరూ బల్లకేసి చూస్తూ కూర్చుంటారు. అందులో నా పాలు ఏ కాస్త ఉన్నా లేచి నిలబడతాను. పక్కనున్నవాళ్లు, "అరే సాబ్, బైఠియే నా" అని చొక్కా లాగుతారు. కూర్చోను. లేచిన ప్రతిసారీ, లేవడం ఆలస్యమైందనే అనిపిస్తుంది.