సైజు మాది, గెలుపు మీది

సాలూరులో మా మావ టైర్ల షాపుకి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతాది. గల్లాపెట్టె వెనకాల గోడకి ఒక ఫొటో ఉన్నాది. మధ్యలో కప్పు పట్టుకుని మా తమ్ముడు, వాడి భుజం మీద చెయ్యేసి మా మావ, వెనకాల మా ఎర్ర బండి. నేను లేను. ఆ ఫొటో తీసింది నేనే మరి. దాని కింద మావ పెయింటుతో రాయించేడు: "సైజు మాది, గెలుపు మీది."

సొమ్మొకడిది, సోకొకడిది.

మాది శృంగవరపుకోట పక్క పల్లె, వ్యవసాయం. నేను విజయనగరంలో పిల్లలకి లెక్కలు చెప్తాను. తమ్ముడికి కార్ల పిచ్చి, వాడి నుంచి నాకూ అంటుకున్నాది. ఇద్దరం కలిసి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారొకటి కొన్నాం. "వడ్ల బస్తా ఒక్కటి పట్టదు, ఏటీ బండి?" అని ఊళ్లో నవ్వేరు. నవ్వితే నవ్వేరు. ఆదివారాలు ఒక కాలేజీ సిమెంటు మైదానంలో ఆటోక్రాస్ పోటీకి వెళ్లేవాళ్లం. వంకరటింకరగా కోన్లు పెడతారు. ఒక్కో బండీ ఒంటరిగా వాటి మధ్యనుంచి తిరిగి రావాలి. నిమిషం పని. ఎవరికి తక్కువ టైము పడితే వాళ్లదే గెలుపు. కోను పడగొడితే టైముకి రెండు సెకన్లు కలుపుతారు.

అలాంటి ఆటలో టైరు సైజే సగం. వారం రోజులు స్కూలు నుంచి రాగానే టేపు పట్టుకుని కారు పక్కన చతికిలబడి కొలిచేను. మా రిమ్ము వెడల్పు ఆరున్నర అంగుళాలు. దానికి నూట తొంభై అయిదు మిల్లీమీటర్ల టైరు ఒద్దికగా కూర్చుంటాది. రెండొందల ఇరవై అయిదుది ఎక్కిస్తే చిన్న పీట మీద లావుపాటి మనిషిని కూర్చోబెట్టినట్టే. పక్కలకి పొర్లుతాది, స్టీరింగు తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని తిరుగుతాది. పైగా అంత రబ్బరు ఒక్క నిమిషంలో వేడెక్కదు, వేడెక్కని రబ్బరు నేలని పట్టదు. ఇదంతా కాగితం మీద రాసి మావకి ఇచ్చేను.

మావది ముప్పయ్యేళ్లుగా లారీ టైర్ల వ్యాపారం. కాగితం చూసి పడీపడీ నవ్వేడు.

"నూట తొంభై అయిదేటే గుంటా? లావు టైరుకే పట్టుంటాది. లారీకి వెనకాల ఎన్ని టైర్లుంటాయో ఎప్పుడూ సూడనేదా?"

"లారీ బరువు మొయ్యాలి మావా. ఇది తిరగాలి."

"ఓలమ్మ! టైరు ఇప్పడం రాదు గానీ నాకు సెప్తన్నాది."

నేను తమ్ముడి వంక చూసేను. రాత్రే కదా వాడికి లెక్కంతా విడమరిచి చెప్పేను, కరెక్టే అప్పా అన్నాడు. ఇప్పుడేమో బెల్లం కొట్టిన రాయిలా నిల్చున్నాడు. మావ మాటే నెగ్గింది, లావు టైర్లే ఎక్కేయి.

ఆ ఆదివారం నేను మూడు కోన్లు పడగొట్టేను, వాడు రెండు. మావ విని, "తోలడం రాక టైర్లనంటే ఎలాగ?" అన్నాడు. నా కోపం నషాళానికంటింది. నేరుగా షాపుకెళ్లి, నా సైజు తెప్పిస్తావా, ఇంకో షాపుకి పొమ్మంటావా అని అడిగేసేను. తెప్పించేడు. "రేపు నా దగ్గరకొచ్చి ఏడవకు" అని ముందే చెప్పేడు కూడా.

నా టైర్లు ఎక్కేక బండి చెప్పినట్టు విన్నాది. తరవాతి పోటీలో నేను నాలుగోదాన్ని, తమ్ముడు మొదటివాడు. వాడు నాకంటే బాగా తోలేడు, అబద్ధమెందుకు. కప్పు నాకక్కర్లేదు. ఆ సైజు మా అప్ప చెప్పిందని వాడు నలుగురిలో ఒక్కసారి అంటే చాలు. నేను కోరుకున్నది అంతే.

నెల తిరక్కుండా ఆ నలుగురూ దొరికేరు. షాపులో లారీ ఓనర్లు ముగ్గురు, టైరు మార్చేవాడొకడు. ఫొటో చూసి ఒకాయన ఈ కథేటని అడిగేడు. మావ సర్దుకు కూర్చున్నాడు. "అందరూ లావు టైరెయ్యమన్నారు బాబూ. నానే వద్దన్నాను. చిన్న పీట మీద లావు మనిషి కూకుంటే ఏటవుతాది?" అని నా పోలిక నా ఎదటే చెప్పేడు! తమ్ముడు చెప్పాలి కదా అని వాడి మొహం వంకే చూస్తన్నాను. వాడు టీ ఊదుకుంటన్నాడు. చల్లారిపోయిన టీ అది. మావ నా వైపు తిరిగి, "నీకు తెలీదులేవే, ఇవన్నీ అనుభవం మీద వస్తాయి" అన్నాడు. అందరూ నవ్వేరు. తమ్ముడూ నవ్వేడు.

మావ మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయనకి తెలీదు, తెలీదని ఒప్పుకోవడమూ తెలీదు. తమ్ముడికి తెలుసు. అదే నన్ను కాల్చేది.

మొన్న వాడే ఫోన్ చేసేడు. ఈసారి వేరే మైదానమట, నేల గరుకట, టైర్లు మార్చాలట.

"అప్పా, ఏ సైజు ఎయ్యమంటావు?"

"మావనడుగు. ఆయన గోడ మీదే రాసున్నాది కదా."

వాడు గట్టిగా నవ్వేడు. "మావకేటి తెలుసప్పా?"

"ఈ ముక్క ఆ రోజు షాపులో అనడానికి నీకు నోరు లేకపోయిందేరా?"

నవ్వు ఆగిపోయింది. తప్పయిందంటాడేమో అనుకున్నాను.

"సరేగానీ, సైజు సెప్పవా మరి?" అన్నాడు.

సిగ్గులేనిదాన్ని, రెండొందల అయిదు అని చెప్పేను.