వేరెవరో తెరిచి ఉంచిన ఫైలు

మా వదిన విజ్దాన్‌కు ఇర్బిద్ పట్నంలో, యూనివర్సిటీ వీధిలో, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. తెరుచుకోని పాత ఈమెయిళ్ళ ఫైళ్ళు పట్టుకుని లాయర్లూ, ట్రావెల్ ఏజెంట్లూ ఆమె దగ్గరికే వస్తారు. అంత పనితనం ఉన్న మనిషి సొంతింట్లో ఒక ఫైలు జోలికి మాత్రం పోలేదు. అది సుహాది, మా అన్న హైతమ్ మొదటి భార్యది. సుహా టికెట్ల ఆఫీసులో పనిచేసేది. ఆమె పోయాక ఆఫీసువాళ్ళు ఆమె ఈమెయిళ్ళన్నీ ఒకే ఫైలుగా తీసిచ్చారు. ఇంట్లో అందరి కంప్యూటర్లకూ అందే డిస్కులో అది అలా పడి ఉంది.

"పాడైపోయిందిలే, తెరుచుకోదు" అనేవాడు అన్న.

వదిన నమ్మలేదు. చచ్చిపోయినదాని మీద నీకీ కుళ్ళేమిటని నేను చాలాసార్లు తిట్టాను. "దానికేం, జుట్టు నెరుస్తుందా, అన్నం మాడుస్తుందా?" అనేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వదిన ములూఖియా ఆకుకూర వండింది. సుహా కూతురు రనీమ్ గబగబా తినేసి గదిలోకి పోయింది. పసిపిల్లప్పటి నుంచీ వదిన చేతుల్లోనే పెరిగింది, ఆమెనే అమ్మా అంటుంది. అన్న మాత్రం తింటూ తింటూ నోరు జారాడు.

"సుహా అయితే ధనియాలు ఇంకాస్త వేసేది."

అనేసి తన మానాన తను పడుకోవడానికి పోయాడు. వదిన చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"ఆ మహాతల్లి ఏం రాసిందో ఇవాళ చూస్తాను."

ఫైలు తెరుచుకోలేదు. కానీ పాడైందని రాలేదు, వేరెవరో వాడుతున్నారని వచ్చింది. తన మెయిల్ ప్రోగ్రామే వెనకాల పట్టుకుని ఉందేమోనని కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. అదే వచ్చింది. కాపీ తీయబోయినా అదే.

"అర్థమైందా నీకు?" అంది నాతో. "ఇలాంటి ఫైలు ఒకరు తెరిస్తే ఇంకొకరికి తెరుచుకోదు. ఇంట్లో ఎవరో ఇప్పుడు దాన్ని తెరుచుకుని కూర్చున్నారు."

మొహం జేవురించింది. అన్న గదిలోకి దూసుకుపోయింది. "పాడైందన్నావుగా, దొంగమొహమా!"

అన్న నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. అతని కంప్యూటర్ ఆపేసి ఉంది.

ఇక మిగిలింది రనీమ్ గది. తలుపు తోసేసరికి పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. తెర నిండా ఈమెయిళ్ళే.

"ఎలా తెరిచావే?"

"నిజంగానే పాడైందమ్మా. కొట్టులో నువ్వు చేస్తావు చూడు, ముందు కాపీ తీసిపెట్టుకుని, తర్వాత రిపేరు చెయ్యడం... అదే చేశాను. నువ్వు నేర్పిందేగా." భయం పోయి మొహం వెలిగింది. "ఇది చూడు, నాకు మొదటి పన్ను వచ్చిందని మా అమ్మ ఆఫీసులో అందరికీ రాసింది!"

మా అమ్మ. సుహాను ఆ పిల్ల అలా అనగా వినడం నాకదే మొదటిసారి.

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. "చదువుకో. అయ్యాక ప్రోగ్రామ్ సరిగ్గా మూసెయ్, లేకపోతే మళ్ళీ పాడవుతుంది" అంది.

వంటింట్లోకి వచ్చి పంపు తిప్పింది. గిన్నెలు తోముతుందనుకున్నాను. తోమలేదు, ఏడ్చింది.

"మీ అన్న దాన్ని రోజూ తల్చుకున్నా ఓర్చుకుంటాను. ఈ పిల్ల తల్చుకుంటే మాత్రం నా వల్ల కాదు" అంది. "ఇన్నాళ్ళూ నా కుళ్ళంతా తీసుకెళ్ళి ఆ గురకపెట్టే మనిషి మీద పోశానే!"