బిల్లు మీద లేని పేరు

చౌడక్క నోటి ముందు ధర్మవరంలో ఒక ఇంటామె ఓడిపోవడం నేను ఎదురింటి అరుగు మీంచి కళ్లారా చూశాను. ఆ రోజు వెంకటమ్మ బాడుగ గది తాళం గుప్పిట్లో పట్టుకుని వాకిలికి అడ్డంగా నిలబడింది. బండి మీద మగ్గం సామాను. పక్కన రామాంజి, తల వంచుకుని.

"పెండ్లి కాని జంటకు ఇల్లియ్యను. మా పరువేం కావాల?"

చౌడక్క కొంగు బిగించింది.

"బాడుగ సగం నేనిస్తా, సగం ఈయప్ప ఇస్తాడు. నీ పెట్టెలో తాళి కట్టిన దుడ్లు ఒక పక్క, కట్టని దుడ్లు ఒక పక్క పెట్టుకుంటావేమక్కా?"

వీధంతా నవ్వింది. వెంకటమ్మ తాళం ఇచ్చేసింది. పరువు అంత చౌకని ఆమెకూ అప్పుడే తెలిసుంటుంది.

చౌడక్కది మడకశిర పక్క. మొగుడు పోయాక హిందూపురంలో చింతపండు గింజ తీసే కూలికి పోయేది. ధర్మవరం నుంచి పట్టునూలుకు వచ్చిన రామాంజి అక్కడే పరిచయమయ్యాడు. అతని పెళ్లాం నరసక్క ఎప్పుడో అగళికి, పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. కోర్టంటే భయపడి అతను ఆ ముడి విప్పలేదు. అది విప్పందే ఇంకో ముడి వేయించుకోనంది చౌడక్క. అతను నేసేవాడు, ఆమె నూలు కండెలు చుట్టేది. బాడుగ చెరి సగం. పద్దెనిమిదేళ్లు అట్లాగే గడిచాయి.

తర్వాత ఇళ్ల స్థలాలు ఇచ్చారు. పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీదే ఇస్తామన్నారు. రామాంజి రేషన్ కార్డులో ఆడమనిషి ఇంకా నరసక్కే.

"కార్డు మార్పించేలోగా స్థలం పోతాదే. పేరు యాడుంటేనేం, ఉండేది మనమే గదా!"

మగవాళ్లు తెలివనుకుని చెప్పే మాటలకు ఖర్చు ఆడవాళ్లదే. అయినా ఆ ఒక్కసారి చౌడక్క నోరు మెదపలేదు. నరసక్క ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేసి, పట్టా తనతోనే పట్టుకుపోయింది. పునాది రాళ్లు చౌడక్క తానే మోసింది. కప్పు పడేరోజు కమ్మలు తీసి ఇచ్చి, చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది.

రెండేళ్ల కిందట రామాంజి పోయాడు. పదకొండో రోజు నరసక్క వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో పట్టా పెట్టుకుని.

"నిన్ను పొమ్మననక్కా. తమ్మునింట్లో ఒక మూల పడుంటా నేను. నాకూ ఒక ఆధారం కావాల గదా. బాడుగ ఇయ్యి, ఉండు."

పగబట్టి వచ్చుంటే చౌడక్క తిట్టి పంపేది. ఎదురుగా ఉన్నది తనలాగే నీడ లేని మనిషి. చౌడక్క ఆమెకు పీట వేసింది.

"నేను మోసిన రాళ్లకు నేనే బాడుగ ఇయ్యను. సగం నీది, కాదనను. సగం నాది."

"కాగితంలో సగం లేదక్కా."

పట్టా మడిచి నరసక్క బస్సెక్కింది. చౌడక్క తాసిల్దారు ఆఫీసులో అర్జీ పెట్టింది. ఒక రోజు వస్తాం, ఆ ఇల్లెవరిదో చుట్టుపక్కల అడుగుతాం అన్నారు. ఏ రోజో చెప్పలేదు.

అది కొత్త కాలనీ. పగలంతా తలుపులు మూసే ఉంటాయి, ఎవరి పేరు ఎవరికీ తెలీదు. మగ్గం ఆగిపోయింది. ఆమె ఇప్పటికీ పరాయి మగ్గాలకు కండెలు చుడుతుంది, ఒక్క మనిషికి సంగటి కెలుకుతుంది. నెలకోసారి కరెంటు రీడింగాయన మాత్రం వచ్చి కేకేస్తాడు.

"నరసక్కా! బిల్లు!"

మొదటి నెల చౌడక్క కొట్లాడింది. "నేను చౌడక్కనప్పా!"

"మిషన్లో ఇదే వస్తాదమ్మా, నేనేం చేసేది?"

తర్వాత ఆమె మాట్లాడకుండా చెయ్యి చాచేది. పోయిన నెల పొయ్యి దగ్గర ఉండగా కేక వినబడింది. "ఆఁ, వస్తాండా" అంది. అన్నాక తెలిసింది, తాను పలికింది నరసక్క పేరుకని. రామాంజి పోయాక తనను తన పేరుతో ఎవరూ పిలవలేదని ఆ బిల్లు పట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మా పాత వీధికి, నా దగ్గరికి నడిచొచ్చింది.

"ఏమవ్వా, నీ కాళ్లింకా ఆడతాండాయా?"

"నీ నాలుక మాదిరే ఆడతాండాయి."

"అయితే రోజూ ఒకసారి మా వాకిటికి రా. లోపలికి రావద్దులే, కాఫీ పెట్టను. వీధిలోనే నిలబడి, నాలుగిండ్లకు వినబడేట్టు, చౌడక్కా అని పిలువు."