లోపలి బెల్టు

ఒక బెల్టు ఎంత బరువుంటుంది? రబ్బరుది, లోపల దారాల అల్లిక, ఒక పక్క పళ్లు. చేత్తో పట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుంటుంది. దాన్ని నేను ఏళ్ల తరబడి మోశాను. మార్చిన బెల్టు కాదు. మార్చానని చెప్పి మార్చకుండా వదిలేసిన బెల్టు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఊళ్లో తెలిసినవాళ్లంతా నన్ను మంచివాడనే అనుకుంటారు, అందుకే వాళ్లలో ఎవరికీ చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు. నన్ను నేను తిట్టుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పని చాలాసార్లు చేశాను, దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఈ కథలో నాకు మేలు చేసినవాళ్లే ఎక్కువ. వాళ్ల గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి.

నేను మెకానిక్‌ని. పని సాలూరు లారీ షెడ్లలో నేర్చుకున్నాను. అక్కడ నేర్చుకున్నవాడికి మా వైపు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. చీపురుపల్లిలో రేకుల షెడ్డు వేసుకుని కూర్చుంటే, సాలూరు మేస్త్రీ వచ్చాడట అని జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఆ మాట వింటే నాకు ఛాతీ కాస్త పొంగేది. అబద్ధమెందుకు, బాగానే పొంగేది.

కానీ నాకు వచ్చింది లారీ. నేను విప్పిన లారీ ఇంజన్లలో టైమింగుకి ఇనప గేర్లుంటాయి. ఒకదాని పళ్లు ఒకదాంట్లో కరుచుకుని తిరుగుతుంటాయి, ఏళ్లు గడిచినా వాటి జోలికి పోనక్కర్లేదు. ఆ రోజుల్లో మా ఊళ్లోకి చిన్న డీజిలు బండ్లు ఎక్కువగా రావడం మొదలైంది. వాటిలో కొన్నింటికి గేర్ల బదులు బెల్టు. ఇంజను కిందిభాగమూ పైభాగమూ అడుగులో అడుగు వేసి తిరిగేలా చూసేది అదే. బయట ఇంకో బెల్టు ఉంటుంది, బ్యాటరీని ఛార్జి చేసే డైనమోని తిప్పేది. అది తెగితే బండి ఆగుతుంది, అంతే. లోపలిది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను పోతుంది. మా దగ్గర మాత్రం రెంటినీ బెల్టనే అంటారు.

ఆ ఒక్క మాటే నాకు పనికొచ్చింది.

దానియేలు మావ అని, మా షెడ్డుకి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది బాప్టిస్టు చర్చి కుటుంబం, మాది పొలం పనులు చేసుకునే ఇల్లు. అయినా నేను మావ అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఆయనకి ఎనిమిదిమంది పట్టే డీజిలు బండి ఉండేది. పెళ్లిళ్లకి, ఆస్పత్రులకి, చర్చి కూడికలకి కిరాయికి తిప్పేవాళ్లు. తోలేది ఆయన బావమరిది సుధీర్. మావ భార్య రూతమ్మత్తకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీతండ్రీ పోయాక అక్కే పెంచింది. మెత్తని కుర్రాడు. బండిని రోజూ కడిగేవాడు, కడగనక్కర్లేని రోజు కూడా.

ఒకరోజు మావ బండి తెచ్చి షెడ్లో పెట్టాడు. చేతిలో ఒక ప్యాకెట్టు. విజయనగరంలో ఎవరో, లోపలి బెల్టు మార్చే టైమైంది, మార్చకపోతే ఇంజనుకే ముప్పు అన్నారట. అక్కడే కొత్తది కొనుక్కొచ్చాడు. నీకు వచ్చా అని అడగలేదు. సాలూరు మేస్త్రీని ఎవరడుగుతారు? అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణి? ఇది నాకు నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న. అప్పుడు కూడా వచ్చనే చెప్పేవాణ్ణని ఇప్పుడు నాకు తెలుసు.

మూత విప్పాను. బెల్టు కనిపించింది. పుల్లీల మీద చిన్న చిన్న గుర్తులు. ఆ గుర్తులన్నీ కలిపి, కదలకుండా పట్టి, పాతది తీసి కొత్తది వేసి, బిగువు సరిచూడాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఇంజను చెడుతుంది. ఇంతవరకు విన్నాను, చేసి ఎరగను. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. విజయనగరం తీసుకెళ్లు మావ, నాకు రాదు అంటే అయిపోయేది. ఆయన నవ్వి తీసుకెళ్లేవాడు. కానీ సాలూరు పేరు పోతుందని భయపడ్డాను. ఆ పేరు నేను సంపాదించింది కూడా కాదు, ఊరు ఇచ్చింది. మూత మళ్లీ బిగించేశాను. బయటి బెల్టు ఎలాగూ అరిగి ఉంది. అది మార్చాను.

సాయంత్రం మావ వచ్చి బెల్టు మార్చావా అని అడిగాడు. మార్చాను మావ అన్నాను. మార్చిన మాట నిజమే కదా?

మా వృత్తిలో ఒక పద్ధతుంది. సామాను మారిస్తే పాతది బండివాడి చేతిలో పెట్టాలి, మార్చామని నమ్మకానికి. నేనూ పెట్టాను. తీసిన బయటి బెల్టుని పేపర్లో చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని పారేయకుండా ఇంటి గేటుకి గొళ్లెం బదులు తగిలించాడు. లోపలి బెల్టుకుండే అడ్డపళ్లు దానికి లేవు. తెలిసినవాడు ఎవడైనా గేటు తీస్తే నా బండారం బయటపడేది. ఆ వీధిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఆ గేటు ముందునుంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

కొత్త బెల్టు షెడ్లో డబ్బాల వెనక దాచాను. నేర్చుకుని, ఏదో వంకతో బండి పిలిపించి వేసేద్దామనే అనుకున్నాను, నమ్మండి. కానీ నేర్చుకోవాలంటే ముందు ఎవరి దగ్గరో రాదని చెప్పాలి. వారాలు నెలలయ్యాయి. బండి రోడ్డు మీద పోతుంటే చెవి అటే పడేది.

తెగనే తెగింది. ఆమదాలవలసలో కూడికకి వెళ్లి తిరిగొస్తుంటే, ఊరు ఇంకా రాకముందే, ఇంజను టకటకమని ఆగిపోయిందట. తోలేది సుధీర్. లోపల రూతమ్మత్త, చర్చి ఆడవాళ్లు. ఎవరికీ గీత కూడా పడలేదు. నేను గుడికి వెళ్లిన ప్రతిసారీ ముందు ఆ సంగతికే దండం పెట్టుకుంటాను.

బండిని లాగించి షెడ్డుకి తెచ్చారు. ఎవరూ లేనప్పుడు మూత విప్పాను. పాత బెల్టు పీలికలు ఊడ్చి పొయ్యిలో వేశాను. అంతవరకు చేసింది పిరికితనం అనుకోవచ్చు. మర్నాడు చేసింది వేరు.

మర్నాడు మావ సుధీర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. వంగిపోయిన వాల్వులు గోనె మీద పరిచి ఉన్నాయి. మావ వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అల్లుడా, దేవుడు సాచ్చిగా సెప్పు. నువ్వు కొత్త బెల్టు ఏసేవు. కొత్తది ఎందుకు తెగిపోతాది? ఈడేటైనా రేసుగా తోలేడేటి?"

నా ముందు రెండు దారులున్నాయి. రెండోదాంట్లో సుధీర్ నిలబడి ఉన్నాడు.

"గేరు మార్చకుండా జోరుగా గెంటేసుంటాడు మావ. అలగైతే కొత్తదైనా తెగిపోతాది."

సుధీర్ నన్ను చూడలేదు. బావగారినే చూశాడు.

"నాను మెల్లగానే తోలేను బావ. బండిలో అక్క ఉన్నాది. నాను జోరుగా తోల్తానేటి?"

మావ చెయ్యి చాపాడు. సుధీర్ జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. అంతే జరిగింది. ఎవరూ గొంతు పెంచలేదు. ఇంట్లో రూతమ్మత్త, మేం మెల్లగానే వచ్చాం అని చెప్పిందట. ఆడవాళ్లకి స్పీడేం తెలుస్తుందని మావ కొట్టిపారేశాడట. మేస్త్రీ చెప్పాక ఇంకేముంది?

ఆ వారంలోనే సుధీర్ సాలూరు వెళ్లిపోయాడు, లారీల మీదికి. మళ్లీ అక్క గుమ్మం తొక్కలేదు. క్రిస్మస్‌కి కూడా రాలేదు.

బండిని ఇంజను పనికి విజయనగరం పంపాం. నేనూ వెంట వెళ్లాను. అక్కడి మెకానిక్కుతో, జీవితంలో మొదటిసారి, నాకు ఈ బెల్టు పని రాదన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రా, చూడు, అన్నాడు. పక్కన నిలబెట్టుకుని నేర్పాడు, నా చేత విప్పించి మళ్లీ వేయించాడు. ఆయనకి నేను బతికున్నంతకాలం కృతజ్ఞుణ్ణి. వేసిన బెల్టేమిటంటారా? నేను దాచిన ఆ కొత్త బెల్టే. మావకి మాత్రం నా డబ్బుతో కొని వేశానని చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన వస్తువు తనకే ఇచ్చినందుకు.

ఆ తర్వాత నా షెడ్డు డీజిలు బెల్టులకి పెట్టింది పేరైంది. ఎవరు వచ్చినా మావ నా దగ్గరికే పంపేవాడు. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్తాడు, మొహమాటపడడు, అనేవాడు. మా నాన్న పక్షవాతంతో ఆస్పత్రిలో పడితే, నేను బండ్ల కింద ఉన్నప్పుడల్లా ఆయనే మంచం పక్కన కూర్చున్నాడు. మా నాన్నకి ప్రార్థన మీద నమ్మకం లేదు. మావ చేస్తే మాత్రం కళ్లు మూసుకునేవాడు. రూతమ్మత్త క్యారేజీ పంపేది. అది తింటూ నేను ఏమనుకునేవాణ్ణి? ఇంత మంచివాళ్లకి నిజం చెప్పి బాధపెట్టడం ఎందుకు అనుకునేవాణ్ణి. మనసు ఎంత తెలివైందో చూడండి.

సుధీర్ కూడా నాకు మేలే చేశాడు. ఒకసారి రామభద్రపురం దాటాక నా మోటారు సైకిలు గొలుసు తెగింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. ఒక లారీ ముందుకు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. దిగింది సుధీర్. నా బండి లారీలోకి ఎక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సాలూరు దాకా తీసుకెళ్లి టీ ఇప్పించాడు. అక్క మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. బెల్టు మాట ఎత్తలేదు. దారి పొడుగునా బండి చాలా నింపాదిగా తోలాడు. నా ముందు రుజువు చేసుకుంటున్నాడా, లేక వాడు తోలేదే అలాగేనా? రెండోదే. నాకప్పుడే తెలుసు. అయినా చెప్పలేదు.

మొన్న మావ కొత్త బండి కొన్నాడు. ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టాడు. నన్నూ మా ఆవిణ్ణీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. వాళ్లలో లేచి సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేళ్లు ఒక్కొక్కటే అందరి ముందూ చెప్పుకుంటారు. మావ లేచాడు. ఆరోగ్యానికి, బండికి, వర్షానికి స్తోత్రం చెప్పాడు. తర్వాత నావైపు చెయ్యి చూపించి, అబద్ధమాడని మనిషిని నాకు పొరుగున ఇచ్చినందుకు స్తోత్రం అన్నాడు. సొంత బావమరిదని కూడా చూడకుండా నిజం చెప్పాడు అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

రూతమ్మత్త అనలేదు. తల వంచుకుని చీర కొంగు మడత పెడుతూ ఉండిపోయింది.

ఆ మనిషి దేవుడికి నా గురించి అబద్ధం చెప్పాడు, తెలియక. చెప్పించింది నేను. ఇక నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. మావ బండి తీసుకుని స్టాండుకి వెళ్లిపోయాడు. రూతమ్మత్త అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను. లోపలి బెల్టు మార్చలేదని. గేటుకి తగిలించింది వేరేదని. పీలికలు కాల్చేశానని. సుధీర్ తప్పేమీ లేదని. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నాను ఆ బండిలో ఉన్నాను బాబూ. ఆడి ఎనకాల సీట్లోనే. మెల్లగానే వచ్చేం. నా కళ్లతో సూసేను." వేళ్లకంటిన నూక దులుపుకుంది. "అందరూ అలగే అన్నేక, రానురానూ నాకే అనుమానం వచ్చేసింది. జోరుగానే తోలేడేమో, నాకే తెలవలేదేమో అనుకున్నాను. నా తమ్ముణ్ణి నానే నమ్మలేదు."

నేను ఇన్నేళ్లూ అనుకున్నది, ఒక ఇంజను పాడుచేశాను, ఒక కుర్రాడి మీద నింద వేశాను అని. అంతకంటే లోపల ఇంకొకటి తెంపానని ఆ క్షణం వరకు నాకు తెలియదు.

క్షమించమని అడగలేదు. అడగడం కూడా ఇంకో సాయం కోరడమే అనిపించింది. వాళ్ల దగ్గర ఇప్పటికే చాలా తీసుకున్నాను. ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. మీ మావకి నేనే చెప్తానంది. ఆయన ఇంకా నా షెడ్డువైపు రాలేదు. వస్తాడో రాడో తెలియదు. ఊళ్లోవాళ్లకి ఎప్పుడు తెలుస్తుందో కూడా తెలియదు. తెలియనీ. రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం. విజయనగరం మెకానిక్కుకి, మావకి, రూతమ్మత్తకి, ఎండలో లారీ వెనక్కి తిప్పిన సుధీర్‌కి, ఇక్కడిదాకా విన్న మీకు నా దండాలు.

ఆ రోజు నేను మెట్లు దిగుతుండగానే ఆమె లోపలికి వెళ్లి ఫోను తీసింది. అవతల ఎత్తేదాకా ఆ మెట్టు మీదే నిలబడ్డాను. ఆమె ఎలా ఉన్నావని అడగలేదు. ఎందుకు ఫోను చేసిందీ చెప్పలేదు.

"నువ్వు మెల్లగానే తోలేవురా తమ్ముడా," అంది.