పల్లావరం తాళి

దయ్యాలే ఉంటే ముందు మమ్మల్నే పట్టాలి. ఎప్పటివో ఎముకలు పక్కన పెట్టుకుని అన్నం తిన్న ఉద్యోగం మాది. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

పంతొమ్మిది వందల యాభైల్లో మద్రాసు చుట్టుపక్కల పురావస్తు తవ్వకాల్లో బొమ్మలు గీసేవాణ్ణి. మాది మద్రాసులోనే చూలై పేట, తరాలుగా అక్కడే. తవ్వకాలు నడిపించే మా సారుది రాజమండ్రి, కాపురం పెరంబూరులో. అంతకుముందు తవ్వినవాళ్లు కుండ దొరికితే చాలు, పెరికి మ్యూజియానికి పంపేవారు. సారు మాత్రం మట్టిపొరల్ని చదవాలనేవారు. గుంట గోడలు నిటారుగా కోయించి, ఏ పొరలో ఏది దొరికిందో నాతో గీయించేవారు. కుండలు తెమ్మంటే మట్టి తెస్తాడని పైవాళ్లు నవ్వేవారు.

పల్లావరం దగ్గర, పాతకాలపువాళ్లు శవాన్ని ఉంచి పూడ్చిన పెద్ద కుండ బయటపడింది. అరవంలో దాన్ని తాళి అంటారు. పనిలో మాకూ అదే మాట. ఒక మధ్యాహ్నం అది అంచు నుంచి అడుగు దాకా బీట వారింది. గుడ్డతో కట్టు కడతానని సారు గుంటలోకి దిగారు. రాత్రికి రానని ఇంట్లో చెప్పి రమ్మని నన్ను పంపారు.

వాకిట్లో నిలబడి ఆయన భార్యతో చెప్పాను. "తాళి పొయ్యిందమ్మా. సారు రారు."

ఆవిడ మెడ పట్టుకుని గడప మీద కూలబడింది. గోదావరివాళ్లకి ఆ మాటకు ఒకటే అర్థమని అప్పుడు తట్టింది. "అయ్యో, కుండమ్మా. ఆడ గుంటలో ఉండే కుండ."

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "మీ మద్రాసు తెలుగు తగలెయ్య. కాఫీ తాగి వెళ్లండి."

నేను తిరిగి వెళ్లేసరికి ఆ నిటారు గోడ కూలి, సారు పోయారు. కుండను కావలించుకుని ఉన్నారట.

ఇక్కడ నేను చాలామందికి చాలా చెప్పాను. కుండలోంచి మూలుగు వినిపించిందన్నాను, కాకులు గుంపుగా తిరిగాయన్నాను. అవన్నీ నేను అతికించినవి, కొట్టేయండి. వినేవాళ్లు దగ్గరికి జరిగితే నా నోరు ఊరుకోదు. అతికించనిది ఒక్కటే. కుండకు బీట లేదు. సారూ నేనూ కూలీలూ చూసిన బీట, కడిగి చూస్తే లేదు.

ఆ కుండ ఇప్పుడు మ్యూజియంలో ఉంది, వేరే అధికారి పేరుతో. మట్టిపొరల పద్ధతి ఈ ప్రాంతానికి తెచ్చిందీ ఆ అధికారేనట. గుంటలోకి ఒక్కనాడూ దిగని మనిషి.

సారు కర్మలయ్యాక ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. ఏడుపు లేదు.

"ఆ రోజు పోయిందన్నది ఏ తాళి బాబూ?"

కుండేనమ్మా అనబోయాను. కుండ పోలేదు.