బోనం ఎత్తనీకి యోగా

నేను లావున్ననని నాకెన్నడూ ఫికర్ లేకుండె. మా హుస్సేనీ ఆలం గల్లీల సన్నటి ఆడమనిషి కనబడితే "ఏందమ్మా, పానం బాగలేదా?" అని అడుగుతరు. పైంగ మాది ఇత్తడి సామాన్ల దుకాణం. పొద్దుందాక గల్లా కాడ కూసునుడు, మధ్యల చాయ్, చాయ్ తోటి బిస్కట్లు, బిస్కట్లు ఒడిసినంక సమోసాలు. గట్ల గట్ల ఒళ్లు దానంతట అదే పెరిగింది. నేనేం ప్రత్యేకంగ కష్టపడలే.

లొల్లి అంత పోయినేడాది బోనాలప్పుడు షురువైంది. మా ఇంట్ల బోనం పెద్దకోడలే ఎత్తాలె. అంటే నేను. పెండ్లయి వచ్చిన ఏడాది నుంచి నేనే ఎత్తుతున్న. అందరిండ్లల్ల మట్టికుండ అయితే మాకు మా దుకాణం ఇత్తడి బిందె. లోపట బెల్లమన్నం, చుట్టు యాపమండలు, మీద దీపం. అంత బరువు నెత్తిన పెట్టుకొని గుడిదాక నడుస్తుంటె గల్లీ మొత్తం పక్కకు జరిగి తొవ్వ ఇస్తది. ఏడాదంత పొయ్యికాడ, గల్లాకాడ నన్నెవ్వరు చూడకున్నా సరే, ఆ ఒక్క దినం నేను ఈ ఇంటి పెద్దకోడల్ని. నాకు ఇంకేం వద్దు, అదొక్కటి సాలు.

పోయినేడాది గుడి మెట్లకాడ నా మోకాళ్లు వణికినయ్. బిందె జర ఒరిగింది. ఎనుకనే వస్తున్న నా యారాలు, మా మరిది పెండ్లాం, గబుక్కున పట్టుకున్నది. ఒక్క మెతుకు కింద పడలే. అయినా మా అత్తకు గంత దొరికితే సాలు గదా! ఇంటికొచ్చి సుట్టాలందరి ముంగట అన్నది.

"ఒళ్లు జూడు, ఎట్ల పెంచినవో! వచ్చే ఏడాది చిన్నది ఎత్తుతది."

చిన్నది సన్నగుంటది. జిమ్ముకు పోతది, పోయినట్టు ఫోన్ల వీడియోలు గూడ పెడుతది. మా అత్తకు ఆమెంటె మస్తు పావురం, ఏం చేసినా ముద్దే. నాకు ఒళ్లు మండింది. ఆ పూట కోపంతోటి అన్నం ముట్టలే. తెల్లారి రెండు పూటలది కలిపి తిన్న, అది వేరే సంగతి.

చలికాలంల పక్కింటి ఆపా ఒక ఖబర్ తెచ్చింది. మా గల్లీ చివర ఫంక్షన్ హాల్ల పొద్దుగాల యోగా నేర్పుతున్నరంట. "పేట్ అందర్ జాతా బోల్రే," అన్నది తన కడుపును అరచేత్తోటి లోపటికి తోసి చూపిస్తూ. కడుపు లోపటికి పోతదంటె నేనెందుకు ఆగుత? తెల్లారే ఆమె బుర్ఖాల, నేను మా బిడ్డ పాత పంజాబీ డ్రెస్సుల, ఇద్దరం చెరొక చాప పట్టుకొని పోయినం.

టీచరమ్మ సైదాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేది. కోస్తా దిక్కు మనిషి, మాట మాటకు "అండి". "ముందు బరువు మీద ధ్యాస వదిలేయండి," అన్నది మొదటి రోజే. మేం వచ్చిందే దాని కోసమైతే ఎట్ల వదులుతమమ్మా? అయినా టీచరమ్మ గదా అని తలూపినం.

అసలు సంగతి వేరే ఉంది. బరువు తగ్గనీకి ఈ దునియాల ఎవరన్నా షాదీలయ్యే హాలుకు పోతరా? మేం పోయినం. పాతబస్తీల షాదీ అంటే పెండ్లికొడుకు రానీకే సగం రాత్రి దాటుతది. దావత్ ఒడిసేసరికి కోళ్లు కూస్తయ్. మేం పోయేసరికి హాల్ల ఒక దిక్కు ఊడ్చిన గులాబీ రెక్కల కుప్ప, ఇంకో దిక్కు ఇంకా వెచ్చగున్న బిర్యానీ డేగులు. మధ్యల మేము.

"కళ్లు మూసుకుని దీర్ఘంగా శ్వాస తీసుకోండి," అనేది టీచరమ్మ.

తీసుకున్నం. అబ్బా, ఏం శ్వాస అది! కుంకుమపువ్వు, పుదీన, ఎర్రగ వేంచిన ఉల్లిగడ్డ. "ఇప్పుడు వదలండి," అంటే ఒక్కళ్లకు గూడ వదలబుద్ధి గాలే. శవాసనంల పండుకుంటె ఒకరి తరువాత ఒకరి కడుపు గుర్రుమనేది. "చాలా మంచిదండి, జీర్ణశక్తి మేలుకుంటోంది," అని టీచరమ్మ మెచ్చుకునేది.

క్లాసు అయినంక హాలు వంటాయన డేగు మూత తీసి నిలబడేటోడు. "ఫేక్ దియేతో గునా హై అమ్మా," అనేటోడు. పారేస్తె పాపమంట. ఆ పాపం మాకెందుకు? చాపలు మలువకుండనే వాటి మీద కూసొని తినేటోళ్లం. టీచరమ్మకు డబ్బా నిండ డబుల్ కా మీఠా కట్టిచ్చేటోడు. "మా వారి కోసమేనండి, నేనైతే తీపి ముట్టను," అనేది ఆమె. స్కూటీ ఎక్కేటప్పుడు చూస్తె మూతి పక్కన మలై అంటుకొని ఉండేది.

నెల అయినంక బరువు చూసే మిషన్ మీద నిలబెట్టి చూస్తె అందరం పెరిగినం. నా పానం ఉసూరుమన్నది. టీచరమ్మ మాత్రం ఏం పరేషాన్ గాలే. "అది కొవ్వు కాదండి, కండ," అన్నది. ఇగ చూడు మా సంబురం! ఆపా ఇంటికి పోయి వాళ్లాయనకు కండ చూపించిందంట. నేను మా ఆయన్ని అడిగిన, తగ్గిన్నా అని. "మస్తు తగ్గినవ్," అన్నడు. ఫోన్ల కెల్లి తలకాయ ఎత్తలే.

గిట్లనే నడుస్తుండె. ఒకరోజు క్లాసు నుంచి ఇంటికొచ్చి తలుపు తీస్తె, వాకిట్ల మా అత్త కుర్చీ వేసుకొని కూసున్నది. నా యారాలు నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకొని ఈ గోడ కాడికెల్లి ఆ గోడ కాడికి నడుస్తుంది.

"మెడ కదపకు. నిమ్మళంగ. పెద్దది నడిచినట్టు బాతు నడక నడువకు," అంటుంది అత్త.

యారాలు నన్ను చూసి కండ్లు దించుకున్నది. నేను లోపటికి పోయి చేతులు కడుక్కున్న. ఎంత కడిగినా బిర్యానీ వాసన పోతలేదు. నాకు దుఃఖం ఆగలే. పొయ్యి కాడ నిలబడి చిన్నపోరి లెక్క ఏడ్చిన. ఇన్నేండ్లు నేను నడిచింది బాతు నడకనా? నవ్వుకుంటనే చూసిండ్రా నన్ను?

తెల్లారి నుంచి వంటాయన మూత మీద చెయ్యి పెట్టకముందే నేను వెనుక తలుపుల నుంచి ఉరికేది. దుకాణంల సమోసాలు బంద్, చాయ్‌ల చక్కెర బంద్. మా ఆయన గాబరపడ్డడు, అలిగిన అనుకొని. అలిగిననే, గని ఆయన మీద గాదు.

గంతల రంజాన్ వచ్చింది. ఆ నెల షాదీలు ఉండయి. షాదీలు లేకపోతె డేగులు లేవు, డేగులు లేకపోతె క్లాసుల మనుషులు లేరు. ఆపా అంటే రోజా ఉన్నది, రాలేదంటె అర్థముంది. మిగిలినోళ్లకు ఏమైందో! ఎవరెవరు యోగా కోసం వచ్చిండ్రో ఆ నెలల తెలిసిపోయింది. అంత పెద్ద హాల్ల నేనొక్కదాన్ని, టీచరమ్మ ఒక్కతి. ఆమె గూడ చేసేదేం లేక నిజంగనే నేర్పుడు షురూ చేసింది. బాసింపట్ల నుంచి చేతులు ఆనకుండ లేవమనేది. మలాసనమని ఒకటుంది, మడిమలు నేలకు ఆనిచ్చి గొంతుకూసునుడు. తొడలు మండుతుంటె మనసుల ఆమెను తిట్టని తిట్టు లేదు. అయినా పోయిన. ఎండాకాలంల పోయిన, షాదీలు మళ్ల షురువై అందరూ తిరిగొచ్చినంక గూడ ముక్కు మూసుకొని పోయిన.

ఆషాఢం వచ్చేసరికి నా జాకెట్లన్ని వదులైనయ్. మోకాళ్లు మాట వింటున్నయ్. గల్లీల ఆడోళ్లు "ఏందమ్మా, పానం బాగలేదా?" అని నన్ను గూడ అడుగుడు షురూ చేసిండ్రు. యారాలైతె "అక్కా, మస్తు తగ్గినవ్," అన్నది. మా అత్త మాత్రం ఉలుకు లేదు, పలుకు లేదు. ఊకున్నదంటె ఒప్పుకున్నట్టే అనుకున్న నేను.

బోనాల పొద్దు బిందెను చింతపండు పెట్టి తోమిన. బెల్లమన్నం వండిన. పసుపు, కుంకుమ పెట్టి, యాపమండలు కట్టి, దీపం ముట్టించిన. పట్టుచీర కట్టుకొని వాకిట్లకు వస్తె అత్త యారాల్ని పిలుస్తుంది.

"నేను తగ్గిన గదా అత్తా?" అన్న.

"తగ్గినవ్. ఎవలు గాదన్నరు?" అన్నది. నన్ను కిందికెల్లి మీదిదాక చూసింది. "గదే చెప్తున్న. ముఖం పీక్కపోయింది, బొక్కలు తేలినయ్. అమ్మోరి ముంగటికి పోయే మనిషి నిండుగ ఉండాలె. రోగమొచ్చినదాని లెక్క గిట్ల పోతరా? చిన్నది ఎత్తుతది."

యారాలు నాల సగముంటది. ఆమెకు లేని బొక్కలు నాకెట్ల కనబడ్డయో ఈ ముసల్దానికి! గప్పుడు తెలిసింది నాకు. నా ఒంటి మీద ఆమె కన్ను ఎన్నడూ లేదు. నేను కట్టెపుల్లనైనా ఇంకో మాట దొరుకుతుండె.

నేను బోనం ముంగట మడిమలు ఆనిచ్చి గొంతుకూసున్న. నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకున్న. యారాల్ని చూసి "పట్టు," అన్న. ఆమె అత్త దిక్కు ఒకసారి చూసింది, నా దిక్కు ఒకసారి చూసింది. ఒంగి రెండు చేతులతోటి బిందె ఎత్తి నా నెత్తి మీద పెట్టింది.

"తీస్కపో అక్కా. ఆ నీళ్ల బిందెతోటి నా మెడ పట్టేసింది," అన్నది సప్పుడు లేకుండ.

లేచిన. ఎవ్వరి చెయ్యి పట్టలే. గడప దాటంగనే డప్పులు అందుకున్నయ్. ఎనుక అత్త తిడుతనే ఉన్నది, నేను నడుస్తనే ఉన్న. నడుస్తుంటె ఎక్కడి దుఃఖమో తన్నుకొచ్చింది. ఇన్నేండ్ల కోపం, ఈ ఏడాది ఆకలి, అంత కలిసి వచ్చింది. రెండు చేతులు బిందె మీదున్నయ్, కండ్లు తుడుసుకోనీకి లేదు. ఒళ్లంత వణుకుతుంది, నీళ్లు కారిపోతున్నయ్.

"అమ్మోరొచ్చింది! పెద్దకోడలికి అమ్మోరొచ్చింది!" అని ఎవరో అరిచిండ్రు.

డప్పులు జోరందుకున్నయ్. బోనమెత్తిన ఆడిదానికి అమ్మోరు వస్తె ఇంటి పెద్ద వచ్చి కాళ్ల మీద నీళ్లు పోసి, కోరిక అడిగి, సల్లబరచాలె. గల్లీ మొత్తం మా అత్త దిక్కు తిరిగింది. ఆపా తన గడపల నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చూస్తుంది. మా అత్తకు పోయే తొవ్వ లేదు. ఎవరో చెంబు చేతిల పెట్టిండ్రు. నడుం పట్టుకొని, మూలుగుకుంట ఒంగి, నా కాళ్ల మీద పసుపు నీళ్లు పోసింది. చేతులు జోడించింది.

"శాంతించు తల్లీ. నీకేం గావాలెనో చెప్పు," అన్నది.

నాకు అమ్మోరు రాలే. నాకొచ్చింది ఏడుపే. గని అడిగింది గదా.

"నా బోనం పెద్దకోడలే ఎత్తాలె," అన్న, గల్లీకంత వినబడేటట్టు. "లావున్నా, సన్నగున్నా."

"అట్లనే తల్లీ," అన్నది మా అత్త.